పదిన్నర టిఫిన్: స్నేహితులతో పాటు మీరూ కూర్చుని తినాలంటే

ఆదివారం పొద్దున్నే స్నేహితులను టిఫిన్‌కి పిలవడం, భోజనానికి పిలవడం కన్నా తేలిక అని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అదే కష్టం. అన్నం, పప్పు, కూర, పులుసు ముందే వండి గిన్నెల్లో సర్దేసుకుంటే వడ్డించి మనమూ కూర్చోవచ్చు. టిఫిన్‌తో అలా కుదరదు. అట్టు పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి రావాలి, పూరీ పొంగి ఉండగానే తినాలి, గారె కరకరలాడుతూ ఉండాలి. వచ్చినవాళ్లు తింటున్నంతసేపూ ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి దగ్గరే నిలబడాలి. మా చిన్నప్పుడు ఆ ఒకరు ఎప్పుడూ అమ్మే. అందరూ చేతులు కడుక్కున్నాక గిన్నె అడుగున మిగిలిన పిండితో ఆఖరి అట్టు వేసుకుని ఒక్కతే తినేది. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఇప్పుడు నేను ఎవరిని పిలిచినా నాదొకటే పట్టుదల. పిలిచినవాళ్లు, వచ్చినవాళ్లు కలిసి తినాలి, వంటింట్లో ఎవరూ మిగిలిపోకూడదు. వంటకాలు ఎంచుకోవడం దగ్గర్నుంచి పొయ్యి ఎక్కడ పెట్టాలి అన్నదాకా నా ఏర్పాట్లన్నీ దాని కోసమే.

ముందు పిలుపు సంగతి. మా ఊళ్లో ఎనిమిదికల్లా టిఫిన్, ఒంటిగంటకు భోజనం. పదిన్నర ఆ రెండింటికీ మధ్యలో పడుతుంది. సరిగ్గా చెప్పకపోతే కొందరు ఇంట్లో ఇడ్లీ తినేసి వస్తారు, కొందరు మధ్యాహ్నానికి బియ్యం కడిగి పెట్టి వస్తారు. అందుకని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి వదిలేయకుండా ఒక్కో ఇంటికీ ఫోన్ చేస్తాను. "ఒరేయ్, ఆదివారం పదిన్నరకల్లా అందరూ వచ్చేయండి. పొద్దున కాఫీ తప్ప ఏమీ తినొద్దు. మధ్యాహ్నానికి వంట పెట్టుకోవద్దని చెల్లెమ్మకి చెప్పు." ఈ ఆఖరి మాట తప్పకుండా చెప్పాలి. ఇంటికెళ్లి మళ్లీ వండాలి అన్న ఆలోచన ఉన్నవాళ్లు పదకొండున్నర నుంచే గడియారం చూస్తుంటారు.

అదే ఫోన్లో అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్లు ఎవరు, పొద్దున మాత్రలు వేసుకునేవాళ్లు పదిన్నర దాకా ఆగగలరా, కార్తీక మాసమైతే ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్లు ఉన్నారా? షుగర్ మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో ఉండకూడదు కాబట్టి వాళ్లకు మాత్రం "నువ్వు తొమ్మిదిన్నరకే వచ్చెయ్, రెండు ఇడ్లీలు ముందు తిందువుగాని" అని చెబుతాను. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు బస్సులో దాదాపు గంట పడుతుంది. వాళ్లకు పది అని చెబితే పదిన్నరకు అందరం ఒక దగ్గరుంటాం.

పది మంది సరైన లెక్క. పిల్లలతో కలిపి పన్నెండు దాకా ఫరవాలేదు. అంతకు మించితే ఈ పద్ధతి పనికిరాదు, భోజనానికే పిలవండి. రోజుల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, వరండాలో కూడా కూర్చోవచ్చు. మే నెలలో పదకొండు దాటితే బయట అడుగు పెట్టలేం. అప్పుడు తొమ్మిదికే పిలిచి పదకొండున్నరకు పంపించేయడం మంచిది.

ఏం చేయాలి

నా వరస ఇది: ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, దద్దోజనం, కాఫీ. మధ్యలో ఒక్క తీపి. ఇంతకన్నా ఒక్కటి ఎక్కువైనా పొయ్యి దగ్గర ఒక మనిషి ఇరుక్కుపోతారు. పూరీ, గారె, బజ్జీ, మైసూర్ బోండా నాకూ ఇష్టమే. కానీ నూనె మూకుడు పెట్టారంటే దాన్ని వదిలి రాలేరు. పది మందికి అవి వద్దు.

ఇడ్లీ మొదటి వాయిగా ఎందుకంటే, అది అందరికీ ఒకేసారి తయారవుతుంది. పెద్ద పాత్రలో ఆరు రేకులు పడితే ఒక్క విడతలో ఇరవై నాలుగు. వాటిని హాట్‌ప్యాక్‌లోకి తీసుకుని, మూత కింద పలచటి బట్ట కప్పితే ఆవిరి నీళ్లు ఇడ్లీల మీద పడవు. అరగంట మెత్తగా ఉంటాయి. ఆ అరగంటలో పిలిచినవాళ్లతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుని తినేయాలి.

గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ వేస్తే ముప్పై దాకా వస్తాయి. పప్పు నాలుగు గంటలు నానాలి, రవ్వ కడిగి, నీళ్లు పోయేలా చేత్తో గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. ఈ పిండి విషయంలో గుంటూరు ఎండను లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు, జనవరిలో శనివారం సాయంత్రం ఆరున్నరకల్లా రుబ్బి, గిన్నెను వంటింట్లో వెచ్చగా ఉన్న మూల పెడితేనే తెల్లారేసరికి పొంగుతుంది. మే నెలలో రాత్రి పదింటికి రుబ్బినా తెల్లవారుజామున ఐదింటికే గిన్నె దాటిపోతుంది. ఎండాకాలం ఉప్పు పొద్దున కలపండి. లేవగానే పిండి చూసి, పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తే పులవదు. పులిసిన ఇడ్లీకి ఎంత మంచి చట్నీ చేసినా లాభం లేదు.

ఇడ్లీ మీదకు నెయ్యి, కారప్పొడి. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఉండి పొడి కొనుక్కోవడం నాకు మనసొప్పదు. 50 గ్రాముల ఎండుమిర్చికి గుప్పెడు మినప్పప్పు, గుప్పెడు శనగపప్పు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర విడివిడిగా వేయించి, చింతపండు రెబ్బ, ఉప్పు వేసి కొట్టి, చివర్లో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు కలపాలి. మిర్చి ఏ రకమో చూసుకోండి. తేజ అయితే పిల్లలు నోట్లో పెట్టుకోలేరు. 334 మధ్యస్థంగా ఉంటుంది, పొడికి అదే మంచిది. బ్యాడిగికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. సగం 334, సగం బ్యాడిగి వేసి ఒక చిన్న గిన్నెలో విడిగా చేస్తే కారం తినలేనివాళ్లు కూడా ధైర్యంగా వేసుకుంటారు. కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగా వస్తుంది. ఆ రోజుల్లో చేసిన పొడి వాసనే వేరు.

పెసరట్టు, హాల్లో పొయ్యి

అసలు చిక్కంతా పెసరట్టుతోనే. ఒక అట్టు వేసి, ఉల్లి, అల్లం చల్లి, ఎర్రగా కాలి దిగడానికి మూడు నిమిషాలు. మనిషికి రెండు చొప్పున పది మందికి ఇరవై అట్లు. ఒక్క పెనం మీద గంట పడుతుంది. ఆ గంట వంటింట్లో ఎవరు నిలబడతారన్నది ప్రశ్న. రెండు పెనాలు పెడితే అరగంటలో అయిపోతుంది, కానీ నిలబడే మనిషి అక్కడే ఉంటారు.

నేను పొయ్యినే హాల్లోకి తెచ్చాను. భోజనాల బల్ల పక్కన ఎత్తుగా ఒక చెక్క బల్ల, దాని మీద ఇండక్షన్ స్టవ్ ఒకటి, ఐదు కిలోల చిన్న సిలిండరుతో ఒంటి పొయ్యి ఒకటి. ఇడ్లీ తినడం అవగానే నేను లేచి మొదటి నాలుగు అట్లు వేస్తాను. మాటలు ఆగవు, ఎందుకంటే పెనం అందరి మధ్యనే ఉంది. తర్వాత అట్లకాడ పక్కవాళ్లకు ఇస్తాను. నాలుగు అట్లకు ఒకరు. ఐదుగురు మారేసరికి ఇరవై పూర్తవుతాయి. ఇంట్లో ఏనాడూ గరిటె పట్టని మా స్నేహితులు ఇక్కడ వంతు కోసం అడిగి మరీ తీసుకుంటారు. "అన్నయ్యగారూ, ఈసారి నేను వేస్తా, మీరు కూర్చోండి" అని వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా వస్తారు. పదేళ్లు దాటిన పిల్లలకు కూడా ఒక పెద్ద మనిషిని పక్కన పెట్టి ఇవ్వొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్ల దాకా లాగుతుంది. దాన్ని మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి, వైరు కాలిపోతుంది. గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు దగ్గరే బల్ల వేసుకోండి. సిలిండరు పొయ్యి మీద ఫ్యాన్ గాలి పడకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి, చిన్నపిల్లలు పరిగెత్తే దారిలో ఉండకూడదు.

పిండికి 500 గ్రాముల పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం. బియ్యం వేస్తేనే అంచు కరకరలాడుతుంది. నాలుగైదు గంటలు నానితే చాలు. శనివారం సాయంత్రమే నానబోసి మర్చిపోతే పెసలు మొలకెత్తి, పిండి జిగటగా వస్తుంది. నేను తెల్లవారుజామున ఇడ్లీ పిండి చూడడానికి లేచినప్పుడు నానబోస్తాను. తొమ్మిదిన్నరకు ఆరు పచ్చిమిర్చి, రెండంగుళాల అల్లం, చెంచా జీలకర్రతో కలిపి కొంచెం బరకగా రుబ్బుతాను. పెసర పిండి పులవనక్కర్లేదు. రుబ్బిన గంటకే వాడేస్తే రంగు, వాసన బాగుంటాయి. ఉప్పు మాత్రం అట్లు వేయబోయే ముందే కలపండి. దోసె పిండి కన్నా కొంచెం గట్టిగా ఉండాలి.

కొత్తవాళ్లకు గరిటె ఇచ్చే ముందు చెప్పాల్సింది పెనం వేడి గురించే. పెనం మరీ కాలితే పిండి గరిటెకు అంటుకుని ముద్దలు కడుతుంది, పరుచుకోదు. ప్రతి అట్టుకు ముందు చారెడు నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో తుడవాలి. నడిమధ్య పిండి పోసి, గరిటె అడుగును ఆనించి లోపల్నుంచి బయటికి తిప్పాలి. చేయి నొక్కకూడదు. ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి ముక్కలు చల్లి అట్లకాడతో మెల్లగా అదమాలి, చుట్టూ నూనె. పలచగా వేస్తే తిరగేయనక్కర్లేదు. అలవాటు లేనివాళ్లకు నాన్‌స్టిక్, అలవాటున్నవాళ్లకు ఇనప పెనం. ఇండక్షన్ మీదకు అడుగు చదునుగా ఉన్న ఇనప పెనం పనికొస్తుంది, మామూలు అల్యూమినియం నాన్‌స్టిక్ వేడెక్కదు. పెనం కొనేటప్పుడు అది చూసుకోండి.

దిగిన అట్టును ఒక్కరికే ఇవ్వకుండా రెండు ముక్కలు చేసి ఇద్దరికి ఇవ్వండి. అప్పుడు ఎవరూ ఖాళీ పళ్లెంతో ఎదురుచూడరు, అందరికీ వేడి ముక్కే దొరుకుతుంది. దీంతో ఎంత తేడా వస్తుందో చేసి చూస్తేనే తెలుస్తుంది.

లోపల పెట్టే ఉప్మా జారుగా ఉండాలి. గ్లాసు బొంబాయి రవ్వకు మూడున్నర గ్లాసుల నీళ్లు. మొదట పలచగా అనిపించినా హాట్‌ప్యాక్‌లో అరగంట ఉంటే సరిగ్గా గట్టిపడుతుంది. అల్లం పచ్చడి మాత్రం వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. అల్లం, చింతపండు సమానం, బెల్లం దానికి ఒకటిన్నర రెట్లు, కారానికి ఎండుమిర్చి. అల్లం నూనెలో బాగా వేగాలి, తడి చెంచా పెట్టకూడదు. కొబ్బరి చట్నీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎండాకాలం మూడు నాలుగు గంటలకే పాడవుతుంది. రెండు కాయల కొబ్బరి, పుట్నాల పప్పు సిద్ధంగా ఉంచుకుని పదింటికి రుబ్బండి, అంతకు ముందు వద్దు.

ఇంట్లో హాలు చిన్నదైతే, లేదా అట్లు వేసే ఓపిక ఎవరికీ లేకపోతే, పెసరట్టు మానేసి దిబ్బరొట్టె చేయండి. అదే ఇడ్లీ పిండి, కాస్త జీలకర్ర కలిపితే చాలు. మందపాటి మూకుడులో నూనె వేసి అంగుళం మందాన పిండి పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తే ఇరవై నిమిషాలకు అడుగు ఎర్రగా కాలుతుంది, ఇంకోవైపు తిప్పితే పది నిమిషాలు. ఒక్కోటి నలుగురికి వస్తుంది. పక్కన నిలబడాల్సిన పని లేదు. పైన కరకర, లోపల మెత్తన. పది మందికి మూడు రొట్టెలు కాబట్టి పిండి ఒకటిన్నర రెట్లు రుబ్బుకోవాలి.

ఆదివారం అంటే నీసు ఉండాలి కదా అనేవాళ్లు మా ఊళ్లో ఎక్కువే. వాళ్లను కాదనను. దిబ్బరొట్టెకు కోడి పులుసు బాగా కుదురుతుంది. శనివారం రాత్రే వండి చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే, పొద్దున బాగా మరిగించి దించితే చాలు. రాత్రంతా కారం, ఉప్పు ముక్కలకు పట్టి రుచి పెరుగుతుంది కూడా. తిననివాళ్లు ఉంటే గరిటెలు, గిన్నెలు వేరుగా ఉంచి, ఇంకో బల్ల మీద పెట్టండి. అడగకముందే అలా పెట్టడం మర్యాద.

చివరికి దద్దోజనం

మనవాళ్లకు ఎన్ని టిఫిన్లు పెట్టినా, పెరుగన్నం తగలకపోతే తిన్నట్టు ఉండదు. ఇంటికి వెళ్లాక రెండింటికి మళ్లీ ఆకలేస్తుంది. మధ్యాహ్నం వంట వద్దని చెప్పి పిలిచాం కాబట్టి ఆ బాధ్యత మనదే. 300 గ్రాముల బియ్యం మెత్తగా వండి, వేడిగా ఉండగానే మెదిపి, కాచిన పాలు అర లీటరు పోయండి. గోరువెచ్చగా అయ్యాక చిన్న గిన్నెడు పెరుగు కలపండి. పెరుగు తక్కువ, పాలు ఎక్కువ ఉంటే పన్నెండింటికి పులవకుండా, గట్టిపడకుండా కమ్మగా ఉంటుంది. మిరియాలు, అల్లం, ఇంగువ, కరివేపాకు పోపు. పక్కన ఊరమిరపకాయలు, మాగాయ. ఇది ఎనిమిదింటికే చేసి పక్కన పెట్టేయొచ్చు.

తీపికి కష్టపడకండి. ఏప్రిల్, మే అయితే నూజివీడు రసాలు బకెట్ నీళ్లలో వేసి పెట్టండి, పిల్లలూ పెద్దలూ చేతుల్లోకి తీసుకుని పిండుకుంటారు. మిగతా రోజుల్లో రవ్వ కేసరి.

పళ్లాల సంగతి కూడా ముందే ఆలోచించాలి, లేకపోతే కడిగే పని ఇంట్లో ఒకరి మీద పడుతుంది. నేను అరిటాకులు తెస్తాను. ఆకు తడిబట్టతో తుడిచి, మంట మీద ఒక్కసారి అటూ ఇటూ చూపిస్తే మెత్తబడి చిరగదు. కొస ఎడమవైపు ఉండేలా వేయాలి. చట్నీ, పొడి, పచ్చడి ముందే వడ్డించి, నెయ్యి, నీళ్లు బల్ల మధ్యలో ఉంచితే ఎవరికి కావాల్సింది వాళ్లే తీసుకుంటారు. మంచినీళ్ల 20 లీటర్ల క్యాన్ శనివారమే ఇంకొకటి తెప్పించి పెట్టుకోండి.

ఇక కాఫీ. పది మందికి 75 గ్రాముల పొడి, అర లీటరులోపు మరిగిన నీళ్లు, లీటరు చిక్కటి పాలు. డికాక్షన్ దిగడానికి టైమ్ పడుతుంది కాబట్టి అతిథులు రాకముందే ఫిల్టర్‌లో పోసేయండి. చల్లారితే పొయ్యి మీద పెట్టి మరిగించకండి, చేదెక్కుతుంది. వేడి నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. పాలు మాత్రం అప్పటికప్పుడు కాచాలి. పంచదార విడిగా ఇవ్వండి. వచ్చినవాళ్లకు రాగానే ఒక కప్పు అడగడం అలవాటు. నేను అప్పుడు మజ్జిగ ఇస్తాను. కాఫీ ముందే తాగేస్తే ఇడ్లీ మీద మనసు పోదు, తిన్న తర్వాత తాగిన కాఫీతో గంటసేపు కబుర్లు నడుస్తాయి. ఆ గంటే మనకు కావలసింది.

లేచేటప్పుడు ఆకులు ఎత్తడానికి ఎవరైనా చేయి వేస్తే వారించకండి. అందరూ తలో పని అందుకుంటే పది నిమిషాల్లో బల్ల ఖాళీ అవుతుంది. మిగిలిన పెసర పిండిని ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఉల్లిముక్కలు, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి పునుగులు వేసుకోవచ్చు. సోమవారానికి మాత్రం ఉంచకండి, కొబ్బరి చట్నీ మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, అది కూడా ఆ సాయంత్రంలోపే అయిపోవాలి. ఇడ్లీ పిండి ఇంకో రెండు రోజులు ఉంటుంది.